కంబానికి నాలుగో వైపు

మనిషి పోయిన ఇంటికి వెళ్ళి పండ్రు అడిగే ప్రశ్న ఒకటే. "దారిన పోతూ పోతూ ఏం చూసి ఆగిపోయేవాడు?"

ఏం పని చేసేవాడు, ఎన్ని ఎడ్లున్నాయి, ఎంత పొలం దున్నేవాడు అని అడగడు. అవన్నీ ఊరికి తెలిసినవే. ఈ ప్రశ్నకు ఇంట్లోవాళ్ళు ముందు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాసేపటికి ఎవరో ఒకరు నవ్వుతారు. పండ్రు పని ఆ నవ్వు దగ్గర మొదలవుతుంది.

కోరెంపాల్ నుంచి సంత దాకా రోడ్డు పక్కన పోయినవాళ్ళ గుర్తుగా నిలబడి ఉన్న కంబాల్లో చాలావాటిని కట్టింది అతనే. మనిషెత్తున సిమెంటు దిమ్మ, దాని మీద రంగురంగుల బొమ్మలు. డోలు వాయించే మాసా బతికున్నన్నాళ్ళూ సైకిలు కూడా తొక్కలేదు. కంబం మీద మాత్రం తలకు అడవిదున్న కొమ్ములు కట్టుకుని, మెడలో డోలు వేలాడేసుకుని, ఎర్రటి మోటారు సైకిలు మీద పోతుంటాడు. పొలంలో నాటు ఆపేసి మరీ ఆకాశంలో విమానాలు చూసే ముసలమ్మ కంబం పైన సిమెంటు విమానమే ఉంది. ఆమె కాళ్ళు రెండూ రెక్క మీంచి కిందికి వేలాడుతుంటాయి. సంతకు పోయిన ప్రతిసారీ మంగలి అద్దం ముందు నిలబడిపోయే ఒకాయనకు పండ్రు బొమ్మ వేయలేదు. దిమ్మలో నిజం అద్దమే పొదిగాడు. సంతకు పోయే కుర్రాళ్ళు ఇప్పుడు అక్కడ ఆగి తల దువ్వుకుంటారు. పెద్దాయనకు అంతకంటే ఏం కావాలి అంటాడు పండ్రు.

సంతరోజున నా టీ బండి దగ్గర బల్ల మీద కూర్చుంటే జనం అతన్ని వదలరు.

"బావా, నన్ను వేసేటప్పుడు కాస్త సన్నగా వెయ్యి. ఊరికే రంగు దండగ."

"నిన్ను సన్నగా వేస్తే మీ ఇంట్లోవాళ్ళు ఎవరిదో అనుకుని దండం పెట్టకుండా పోతారు."

"నన్ను హెలికాప్టర్ ఎక్కించు దాదా."

"ముందు చెట్టెక్కి కిందపడకుండా దిగడం నేర్చుకో. తర్వాత చూద్దాం."

జీలుగు కల్లు గీసే ఆ మనిషి కిందటి వేసవిలోనే చెట్టు మీంచి జారి నడుం బెణికించుకున్నాడు. బల్ల మీదున్న వాళ్ళంతా టీ చిందేలా నవ్వారు.

పండ్రు తండ్రి టేకు కంబాలు చెక్కేవాడు. కొసన చెక్క పిట్టలు, కింద లేళ్ళు, వేటగాళ్ళు. తండ్రి కన్నుమూసేనాటికి ఆయన చెక్కిన వాటిలో సగానికి సగం చెద తినేసింది. అంతకు ముందంతా రాళ్ళే. గుట్ట మీంచి పెద్ద రాయిని దొర్లించి, దుంగల మీద పెట్టి, అడవి తీగలతో వంశమంతా కలిసి లాగి తెచ్చి పాతేవారు. ఆ గుట్ట దగ్గర ఇప్పుడు కంకర మిషను ఆడుతోంది. లాగాల్సిన వయసు పిల్లలంతా చలికాలం రాగానే మన తెలుగు వైపు మిరపకాయ కోతకు వెళ్ళిపోతున్నారు. పండ్రు కూడా అలా వెళ్ళినవాడే. మిరప కళ్ళాల దగ్గర ఎవరో ఇల్లు కట్టుకుంటుంటే ఇసుక మోయడానికి చేరి, తాపీ పట్టడం నేర్చుకుని తిరిగొచ్చాడు. వచ్చాక మొదట కట్టింది తండ్రికే. కంబం కొసన తండ్రి చెక్కినవాటిలాంటి పిట్టల్నే సిమెంటులో పోశాడు. వాటిని చెద ముట్టదు.

ఊళ్ళో అందరికీ ఇది నచ్చిందని కాదు. ఇర్మా తాత ఉన్నాడు. వంశంలో పెద్ద. ఆయన మాట లేకుండా ఎవరి గుర్తూ నిలబడదు. ఆయనకు రాయంటేనే గురి.

"రాయి పెరుగుద్దిరా," అనేవాడు. "పోయినవాడు సుఖంగా ఉంటే ఏటికేడాది పెరుగుద్ది. మా నాన్న రాయి నా నడుం దాకా ఉండేది. ఇప్పుడు చూడు, భుజం దాకా వచ్చింది. నీ సిమెంటు పెరుగుద్దా?"

"రాయి పెరిగిందో, నువ్వే కుంగావో, ఎవరు చూశారు తాతా."

తాత కూడా నవ్వేవాడు. నవ్వి, చేతికర్రతో నేల మీద కొట్టేవాడు. "ఒకటి మాత్రం విను. రాయి నోరు విప్పదు. నీ కంబం వాగుతుంది. వాగేది ఎప్పుడో ఒకప్పుడు తప్పు వాగుద్ది."

ఆ మాట పండ్రు మనసులో ఉండిపోయిందని నాకు పైకే కంబం నాడు అర్థమైంది.

పైకే అంటే జోగా పెళ్ళాం. వాగు ఒడ్డున ఇల్లు. మాటకారి కాదు, కానీ ఎవరైనా మాట్లాడుతుంటే చేతిలో పని ఆపి వినేది. వానాకాలం జ్వరంతో పోయింది. కూతురు నందే వారం వారం నా బండి దగ్గర పండ్రు కోసం కాచుకుని, చివరికి ఒక సంతనాడు పట్టుకుంది.

"దాదా, మా అమ్మకు కంబం కట్టాలి. ఇర్మా తాత రాయే అంటున్నాడు. నాకు రాయి వద్దు. రాయి చూస్తే అది మా అమ్మేనని నా బిడ్డకు ఎట్లా తెలుస్తుంది?"

నందే అప్పటికి ఏడో నెల కడుపుతో ఉంది. ఆమె అడిగినదాంట్లో అంతా ఉంది. అమ్మను చూడని బిడ్డకు అమ్మను చూపించాలి.

ఇర్మా తాత మొదట ఒప్పుకోలేదు. జోగా వెళ్ళి ఆయన గడపలో కూర్చుని, ఇప్పసారా సొరబుర్ర ముందు పెట్టి, ఏమీ అడక్కుండా పొద్దుగూకే దాకా అలాగే ఉండిపోయాడట. చివరికి తాతే విసుక్కున్నాడు. "కట్టుకోండి. కానీ పుట్టింటివాళ్ళు వచ్చి గుడ్డ కట్టాకే అది గుర్తు. అందాకా ఒట్టి గోడే."

అది ఎవరికైనా తప్పదు. పెళ్ళయ్యాక ఆడది మొగుడి వంశంలో కలుస్తుంది, గుర్తు మొగుడి ఊళ్ళోనే లేస్తుంది. అయినా దానికి కొత్త గుడ్డ కట్టి, దాని మొదలు దగ్గర బియ్యపు కల్లు పోయాల్సింది పుట్టింటి మనిషే. అతను పోసేదాకా వచ్చిన చుట్టాలెవరూ మెతుకు ముట్టరు. పైకేకు అన్న ఉన్నాడు. పేరు కోసా, వాగు ఎగువన ఊరు. వాళ్ళది తాబేలు వంశం. తాబేలును తాత అంటారు, తినరు, కొట్టరు, దారిలో కనిపిస్తే పక్కకు తప్పుకుని నడుస్తారు. జోగా వాళ్ళకు ఆ పట్టింపు లేదు. తాబేలు కూర అంటే ఆ ఇంటి మగవాళ్ళు పొలం వదిలేసి వస్తారు.

పండ్రు ఆ ఇంటికి వెళ్ళి అంబలి తాగి, తన ప్రశ్న అడిగాడు. నేనూ పక్కనే ఉన్నాను. అలాంటి చోటికి నన్ను రమ్మంటే నేను టీ బండి మూసేసి మరీ పోతాను.

"బస్సు," అన్నాడు జోగా. "ఒకసారి ఎక్కించాను. దిగాక, మళ్ళీ వెనక్కి ఎక్కుదామంది."

"ఎర్రచీమల గూళ్ళు," అంది కోడలు. "గూడు కనిపిస్తే చాలు, పచ్చడి చేద్దామనేది."

తండ్రి లేచి బయటికి పోయేదాకా నందే ఆగింది. తర్వాత మెల్లగా చెప్పింది. "నేను చిన్నప్పుడు, తెల్లారగట్ట, అమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళేది. బుట్టలో తాబేలు ఉండేది, దానికి తాడు ముక్క ఉండేది. నేను వెంటపడితే వాగు గట్టు దాకా రానిచ్చి, ఇంటికి పో అనేది. ఆ పూట అమ్మ మొహం వేరేగా ఉండేది. పండక్కి పోతున్నట్టు."

"నాన్నకు తెలుసా?"

"నాన్నే సంతలో అమ్మి రమ్మన్నాడనుకున్నాను. ఎవరితోనూ అనలేదు."

జోగా అప్పుడు బయట ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు. పండ్రు ఇంకేమీ అడగలేదు. దొరికిందన్నట్టు లేచాడు. దారిలో నాతో అన్నాడు: "తాబేలు అంటే ఆమె పుట్టిల్లు. పుట్టింటిని నెత్తిన పెట్టుకుని నడిచిన ఆడది. కోసా చూసి ఎంత సంతోషిస్తాడో."

కంబం చుట్టూ వెదురు తడికలు కట్టుకుని పని చేయడం అతని పద్ధతి. గుడ్డ కట్టే రోజు వచ్చేదాకా ఎవరికీ చూపించడు. మూడు వైపులే రంగులు వేస్తాడు. అడవి వైపు ఉండే నాలుగో వైపును తెల్లగా వదిలేస్తాడు, అటు ఎవరు చూస్తారని. ఇర్మా తాత దాన్నీ ఎత్తిపొడిచేవాడు: "రాయికి నాలుగు వైపులా రాయే ఉంటుంది."

ఆ రోజు డోళ్ళు మోగుతున్నాయి. పంది కూర ఉడుకుతోంది. అడ్డాకుల దొప్పలు దొంతరలుగా సిద్ధంగా ఉన్నాయి. కోసా తన ఊరివాళ్ళతో వచ్చాడు. భుజాన కొత్త పంచె, చేతిలో కల్లు కుండ. పండ్రు తడికలు విప్పాడు.

రోడ్డు వైపు ముఖాన పైకే ఉంది. నిజంగా ఆమే. ఆ కాస్త వంగిన మెడ, చెవుల నిండా పోగులు. నెత్తిన బుట్ట, బుట్ట అంచు మీంచి తాబేలు తల, వేలాడే తాడు ముక్క. ఎడమ పక్కన బస్సు. కుడి పక్కన ఇల్లు, ఇంటి కప్పు మీంచి నీలం రంగు పొగ. నందే చూసి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కోసా దగ్గరికి వచ్చాడు. చూశాడు. భుజాన ఉన్న పంచెను మళ్ళీ మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఎటు పోతోంది ఇది?" అన్నాడు.

"ఎవరు మామా?" అన్నాడు పండ్రు.

"నా చెల్లెలు. ఇంటి వైపే కదా నడుస్తోంది. ఇంట్లో పొయ్యి మీంచి పొగ వస్తోంది. బుట్టలో మా తాతను కట్టేసుకుని పోతోంది." గొంతు పెంచలేదు. డోలు వాయించేవాళ్ళు మాత్రం వాళ్ళంతట వాళ్ళే ఆపేశారు. "నా చెల్లెలు తాబేలు వండిందని రోడ్డు మీద రాసి పెట్టావు. రేపు మా పిల్లలు ఈ దారినే సంతకు పోవాలి."

"అలా కాదు మామా..."

"ఎలా కాదో బొమ్మ చెప్తోందిగా. నేను దీనికి గుడ్డ కట్టను."

ఇర్మా తాత కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. నేను చెప్పలేదా అన్న మాట ఆయన అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

నందే వెళ్ళి మేనమామ కాళ్ళ దగ్గర కూలబడింది. "అమ్మ వండలేదు మామా. మా ఇంట్లో కూర ఉడికిన రోజు అమ్మ అసలు పొయ్యి దగ్గరికే వచ్చేది కాదు."

"నువ్వు చూసింది బుట్టలో తాబేలు. అది తర్వాత ఏమైందో చూశావా?"

నందే అడ్డంగా తల ఊపింది.

అప్పటిదాకా పండ్రు తన బొమ్మనే చూస్తున్నాడు. ఎడమ వైపు బస్సు పట్టేసింది గనక ఇంటిని కుడి వైపు పెట్టాడు. పెడితే చూడ్డానికి కుదురుగా ఉందనుకున్నాడు. ఆడమనిషి మొహం కుడికే తిరిగి ఉంది. అంతే జరిగింది. అతను సర్ది చెప్పుకుంటాడనుకున్నాను. కానీ అతను నందే పక్కన నేల మీద కూర్చుని, మొదటిరోజు ఇంట్లో అడిగినంత నెమ్మదిగా అడిగాడు.

"నువ్వు వెంటపడినప్పుడు, అమ్మ మొహం నీకు కనిపించేదా?"

"వెనక్కి తిరిగి, పో అన్నప్పుడు కనిపించేది."

"మిగతా అప్పుడు?"

నందే కళ్ళు తుడుచుకుంది. "వీపే."

"ఇంటి నుంచి ఎటు?"

"వాగు వెంట. పైకి."

"ఏం చూసి ఆగేది అనే అడిగాను నేను," అన్నాడు పండ్రు, ఎవరితోనూ కాదన్నట్టు. "ఎక్కడికి పోయేది అని అడగలేదు." లేచి, చుట్టూ ఉన్నవాళ్ళందరినీ చూశాడు. "ఎవరైనా పోయారా ఆమె వెంట?"

దొప్పలు కుట్టే ఆడవాళ్ళ మధ్యలోంచి బుద్రి ముక్కు చీదిన చప్పుడొకటి వినిపించింది. బుద్రి, పైకే కలిసి చేపలకు పోయేవారు. ఇద్దరూ ఒకే పొగాకు తిత్తి వాడేవారు.

"చెప్పనని మాటిచ్చాను," అంది బుద్రి.

"ఎవరికి?"

"దానికే. పోయింది కదా, ఇప్పుడేమంటుంది." ఆకులు పక్కన పడేసి ముందుకు వచ్చింది. "ఈ జోగా వాగులో తాబేలు పట్టి, డిప్ప అంచుకు బెజ్జం పెట్టి, పెరట్లో గుంజకు కట్టేసేవాడు. కూరనాటికి. పైకే తెల్లారగట్ల లేచి తాడు కోసేది. కోసి, గుంజకు మిగిలిన తాడు కొసను నమిలేది."

"నమలడం ఎందుకు?" అన్నారెవరో.

"నీటికుక్క కొరికినట్టు ఉండాలని. పళ్ళు నొప్పి పుట్టేలా నమిలేది మహాతల్లి. తర్వాత బుట్టలో పెట్టుకుని, రెండు వంపులు దాటి, మీ ఊరి నీళ్ళు వచ్చే చోట వదిలేది కోసా. నేను తోడు పోయేదాన్ని. వదిలాక తాబేలు నీళ్ళలోకి పోయేదాకా కదిలేది కాదు. నాకు పని ఉంది, రావే అంటే, ఉండవే, మా వాళ్ళింటికి చేరనీ అనేది."

అందరూ జోగా వైపు చూశారు. జోగా నోరు తెరుచుకుని ఉన్నాడు.

"నీటికుక్క కాదా?" అన్నాడు.

ఎవరికో నవ్వు ఆగలేదు.

"నేను రాత్రుళ్ళు బల్లెం పట్టుకుని కాపలా కాశాను. చలిలో. నీటికుక్క కోసం. ఇది లోపల్నుంచి, వచ్చి పడుకో, అది ఇవాళ రాదులే అనేది."

ఇప్పుడు కోసా వెంట వచ్చినవాళ్ళు కూడా మొహాలు పక్కకు తిప్పుకున్నారు. కోసా ఒక్కడే నవ్వలేదు. కల్లు కుండను నేల మీద పెట్టి, జోగాను అడిగాడు.

"బెజ్జం ఎక్కడ పెట్టేవాడివి?"

"వెనక. తోక పక్కన. కాల్చిన ఇనప చువ్వతో."

"కుడి పక్కనా, ఎడమ పక్కనా?"

"ఎడమ. నాది పుర్రచెయ్యి కదా."

కోసా తన ఊరివాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళలో ఒక ముసలాయన అప్పటికే తల ఊపుతున్నాడు.

ఎగువ ఊళ్ళో ఆ తాబేళ్ళ సంగతి పిల్లలకు కూడా తెలుసునట. మడుగులో అప్పుడప్పుడూ కనిపిస్తాయి, డిప్ప అంచుకు బెజ్జంతో. మనుషులకు చెవులు కుట్టినట్టు తాతలకు ఎవరు కుట్టారా అని పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకునేవారు. వాళ్ళలో వాళ్ళే కుట్టుకుంటున్నారని ఒకరు, నీళ్ళ అడుగున వాళ్ళకూ పండగలుంటాయని ఒకరు. ఏటా ఒకసారి ఆ మడుగు దగ్గర బియ్యం చల్లడం కూడా మొదలుపెట్టారు. ఆ చెవులు కుట్టింది తాబేలు కూర కోసం లొట్టలు వేసే ఈ జోగా అని ఎవరనుకుంటారు?

"ఇన్నేళ్ళు నీ బెజ్జానికి దండం పెట్టాం బావా," అన్నాడు కోసా. ఆ మాట అన్నాక మాత్రం అతని మొహంలో బిగువు సడలింది. కంబం ముందు చతికిలబడ్డాడు. చాలాసేపు చెల్లెలి బొమ్మ వైపు చూశాడు. "ఇంటికి రావే అంటే, తీరిక లేదు అన్నా అనేది. రెండు వంపుల దాకా వచ్చి వెనక్కి పోయేదన్న మాట."

తర్వాత పండ్రుతో అన్నాడు: "ఆ ఇల్లు చెరిపెయ్యి."

"ఇల్లు చెరపను మామా. అది ఆమె ఇల్లే కదా," అన్నాడు పండ్రు. "పొగ మాత్రం తీసేస్తాను. ఇంకో వైపు ఖాళీగా ఉంది. మిగతాది అటు వేస్తాను. చూసి నచ్చితేనే కట్టు."

"ఎంతసేపు పడుతుంది?"

"కూర చల్లారుతుంది."

"చల్లారనీ," అన్నాడు కోసా.

పండ్రు రంగు డబ్బాలు తెప్పించుకుని, ముందు పొగ మీద తెల్లరంగు పూసి, అడవి వైపు వెళ్ళాడు. ఈసారి తడికలు కట్టలేదు. జనమంతా అటు తిరిగి కూర్చున్నారు. వంపు తిరిగిన నీలం వాగు. దాని ఒడ్డున వెనక నుంచి పైకే. జారిన జుట్టు ముడి కింద మెడ, వీపు మీద పచ్చబొట్టు. పచ్చబొట్టు ఎలా ఉండేదో బుద్రి చెప్పింది, నందే సరిదిద్దింది. బుట్ట చంకలో ఉంది, ఖాళీగా. నీళ్ళ అంచున తాబేలు, మనకు తోకే కనిపించేలా. ఇద్దరూ అటే చూస్తున్నారు.

అంతసేపూ జోగా కుంచె వెనకే తిరిగాడు. కళ్ళలో పొర ఉంది గనక ముక్కు గోడకు ఆనేంత దగ్గరగా వచ్చి చూశాడు.

"బెజ్జం ఇంకాస్త కిందికి," అన్నాడు.

పండ్రు తుడిచి మళ్ళీ పెట్టాడు.

"తోక పక్కకి."

మళ్ళీ పెట్టాడు.

"ఆఁ. అదీ." ఆ చుక్క మీద వేలు పెట్టబోయి, రంగు పచ్చిగా ఉందని ఆగాడు. "దొంగది," అన్నాడు మెల్లగా. అటు పక్కకు తిరిగి భుజం మీది తుండుతో మొహం తుడుచుకున్నాడు.

ఇర్మా తాత కర్ర ఊతంగా కంబం చుట్టూ తిరిగి వచ్చాడు. రోడ్డు వైపు నుంచి బస్సు వైపు, అక్కడి నుంచి ఇంటి వైపు, చివరికి వాగు వైపు. ఆఖరి చోట ఆగిపోయాడు. ఆయన అలా ఆగడాన్ని పండ్రు చూశాడు.

కోసా లేచి చంకలోంచి పంచె తీశాడు. ముడి రోడ్డు వైపు రావడం మామూలు. అతను కాసేపు ఆలోచించి ముడిని పక్కకు తిప్పి కట్టాడు. ఒక వైపు చెల్లెలి మొహానికి, ఇంకో వైపు తాబేలుకు గుడ్డ అడ్డం రాకుండా. తర్వాత కల్లు కుండ వంచి కంబం మొదలు దగ్గర పోశాడు.

"తినండి," అన్నాడు.